లాబ్రడార్ పిల్లకు డ్రై ఫుడ్: సంచి ముంగటిది కాదు, ఎనక ఉన్నది చదువు

తమ్మీ, నువ్వు అడిగింది ఇదే కదా. కాజీపేటల ఉంటవ్, 52 రోజుల మగ లాబ్రడార్ పిల్లను తెచ్చుకున్నవ్, అమ్మినాయన చిన్నపిల్లల డబ్బా ఫుడ్ కలిపి పెట్టుమన్నడు, షాపాయన గ్రెయిన్ ఫ్రీ (బియ్యం, గోధుమ, మక్కల అసొంటి గింజలు లేని) సంచి చూపెట్టి కిలో 900 అన్నడు, మీ బాపేమో పెరుగన్నం పెడితే చాలదా అంటున్నడు. నీ దగ్గర నెలకు 3000 ఉన్నయ్. మళ్ల కాల్షియం సిరప్ రోజుకు ఎన్ని చుక్కలు పొయ్యాల్నని గూడ అడిగినవ్. నేను ముందుగాల ఆ చివరి దానికే చెప్త, ఎందుకంటే మిగిలినయన్నీ తర్వాత సర్దుకోవచ్చు కని ఇది తప్పు జరిగితే సర్దుకోరాదు.

కాల్షియం సిరప్ పొయ్యకు. ఒక్క చుక్క గూడ వద్దు, డాక్టరు రక్తం చూసో ఎక్స్‌రే చూసో రాసిస్తే తప్ప.

నేను హన్మకొండల 2003 నుంచి కుక్కలను సాకుతున్న, డాక్టర్ను కాదు. ఇంట్ల ఏడు పెరిగినయ్, ఊర్లకు పొయ్యేటోళ్లు వదిలిపెట్టిపోయే కుక్కలను గూడ పదేండ్ల సంది చూసుకుంటున్న. నా మొదటిది జర్మన్ షెపర్డ్ పిల్ల. అప్పుడు అందరు చెప్పింది ఒక్కటే, పెద్ద జాతి కుక్క, బొక్కలు గట్టిపడాలె, కాల్షియం దండిగ పొయ్యి అని. మంచి పప్పీ ఫుడ్ పెట్టుకుంటనే దాని మీదికెళ్లి పొద్దుగాల సిరప్, మాపటీలి సిరప్, మధ్యల బోన్ మీల్ పొడి. ఐదో నెల వచ్చేసరికి ముంగటి కాళ్లు బయటికి వంగినయ్, మెట్లు ఎక్కాల్నంటే మూల్గేది. డాక్టరమ్మ అన్నీ అడిగి విని సిరప్ సీసా చెత్తల పారెయ్యమన్నది. కాళ్లు కొంత మటుకు సక్కగైనయ్ గని మోచిప్ప నొప్పి దానికి తొమ్మిదేండ్లు, సచ్చిపొయ్యేదాక ఉన్నది. చలికాలం పొద్దున అది లేస్తుంటే చూడబుద్ధి కాకపొయ్యేది.

ఎందుకట్ల అయితదంటే, పెద్ద కుక్కకు కాల్షియం ఎక్కువైతే పేగులు తీసుకునుడు తగ్గిస్తయ్, మిగిలింది దొడ్డికిల పోతది. పిల్లకు ఆరు నెలలదాక ఆ తెలివి సరిగ్గ రాదు, నువ్వు ఎంత పోస్తే అంతల పెద్ద భాగం లోపలికి పోతది. అట్ల పోయింది ఎదిగే బొక్కను పాడు చేస్తది, మెత్తటి కార్టిలేజ్ బొక్కగ మారుడు ఆలస్యమైతది, కీలు కాడ పెచ్చులు లేస్తయ్, కాళ్లు వంగుతయ్. చిన్న జాతి కుక్కలు కొంత తట్టుకుంటయ్, లాబ్రడార్, షెపర్డ్, రాట్‌వీలర్, గ్రేట్ డేన్ అసొంటియి తట్టుకోవు. దీనికి పూర్తి ఉల్టా తప్పు ఇంకోటున్నది, ఉత్త ఉడకబెట్టిన చికెన్ మాత్రమే పెట్టుడు. మాంసంల ఫాస్ఫరస్ మస్తుంటది, కాల్షియం దాదాపు ఉండదు, అప్పుడు ఒళ్లు తన బొక్కలల్ల ఉన్న కాల్షియాన్నే తీసి రక్తానికి ఇస్తది, బొక్కలు సన్నబడి సోఫా మీదికెళ్లి దుంకినా ఇరుగుతయ్. అంటే ఎక్కువైనా తప్పే తక్కువైనా తప్పే, ఆ లెక్క సరిగ్గ చేసి పెట్టుడే మంచి డ్రై ఫుడ్ చేసే అసలు పని. దాని మీద నువ్వు మళ్ల సిరప్ పోస్తే ఆ లెక్క ఖరాబైతది.

ఇగ సంచి సంగతి. ముంగట రాసిన మాటలు చదవకు. ప్రీమియం, సూపర్ ప్రీమియం, హోలిస్టిక్, నేచురల్ అని రాస్తరు, ప్రీమియం అంటే ఇంత మాంసం ఉండాలె అని ఎక్కడ లెక్క లేదు. సంచి తిప్పి ఎనక చిన్న అక్షరాలల్ల మొదట ఒక వాక్యం ఎతుకు: ఈ ఫుడ్ కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్, ఏ వయసుకు అన్నది. అమెరికాల ఆఫ్కో (AAFCO) అనే సంస్థ ఉన్నది, యూరప్‌ల ఫెడియాఫ్ (FEDIAF) అనే సంస్థ ఉన్నది, ఎంత ప్రొటీన్ ఎంత కాల్షియం ఉండాల్నో వాళ్లు పట్టిక పెట్టిన్రు, మంచి కంపెనీలు ఆ పట్టిక ప్రకారం చేసినం అని రాస్తయ్. నీకు కావాల్సింది "గ్రోత్" లేకుంటే "ఆల్ లైఫ్ స్టేజెస్" అన్న మాట. "అడల్ట్ మెయింటెనెన్స్" అని ఉంటే ఎంత రేటుదైనా నీ పిల్లకు పనికిరాదు. "కాంప్లిమెంటరీ" అనో "ఇంటర్మిటెంట్" అనో ఉంటే అది మీదికెళ్లి చల్లేది, కడుపు నింపేది కాదు.

ఇంకో ముక్క గూడ చూడాలె, చానా మందికి తెల్వదు. ఆఫ్కో వాక్యం చివర "పెద్ద సైజు కుక్కల పెరుగుదలతో సహా" అనే అర్థం వచ్చేటట్లు ఉంటది, 70 పౌండ్లు, అంటే దాదాపు 32 కిలోల మీద పెరిగే కుక్కల గురించి. మగ లాబ్రడార్ ఆ బరువు కాడికి వస్తది కాబట్టి ఇది నీకోసమే రాసినట్టు. ఆ మాట ఉంటే కాల్షియం డ్రై మ్యాటర్ లెక్కల 1.2 నుంచి 1.8 శాతం మధ్యల పెట్టినట్టు. మామూలు పప్పీ ఫుడ్‌కైతే 2.5 దాక పోనిస్తరు, పమేరియన్‌కు అది నడుస్తది గని నీకు వద్దు. ఆ వాక్యం లేకపోతే ఎనక పట్టికల కాల్షియం శాతం చూడు, అది గూడ రాయలేదంటే ఆ సంచి అక్కడనే పెట్టెయ్, నేనైతే గంతే చేస్త.

డ్రై మ్యాటర్ అంటే భయపడకు, చిన్న లెక్క. సంచి మీద ప్రొటీన్ 24, తేమ 10 అని ఉన్నదనుకో, నీళ్లు తీసేస్తే మిగిలింది 90, 24ను 90తోని భాగిస్తే 26.7 శాతం. పిల్లలకు కనీసం 22.5 ఉండాలె, కొవ్వు 8.5 ఉండాలె, పెద్ద కుక్కలకు 18, 5.5 చాలు. ఈ లెక్క రాకపోతే డబ్బాల తడి ఫుడ్ మీద ప్రొటీన్ 8 అని చూసి చీ అనుకుంటవ్, కని దాంట్ల నీళ్లే 80, కాబట్టి 8ని 20తోని భాగిస్తే 40 శాతం. పిండి పదార్థం ఎంతుందో సంచి మీద రాయరు, అది గూడ తీసుకోవచ్చు: వందల నుంచి ప్రొటీన్, కొవ్వు, పీచు, తేమ, బూడిద (యాష్ అని రాస్తరు, ఫుడ్ కాలిస్తే మిగిలే ఖనిజాలు) అన్నీ తీసెయ్. 24, 12, 4, 10, 8 పోతే 42 మిగిలింది. బూడిద రాయకపోతే 8 అనుకుంటే సరిపోతది.

ఇంగ్రీడియెంట్స్ వరుస చూసేటప్పుడు ఒకటి యాదికి పెట్టుకో, వండకముందు బరువుల ఏది ఎక్కువుంటే అది ముందుగాల రాస్తరు. తాజా చికెన్‌ల నూటికి 70 దాక నీళ్లే ఉంటయ్, ఆ నీళ్ల బరువుతోని అది మొదటి జాగల కూసుంటది, ఎండబెట్టినాక ఎక్కడికో కిందికి పోతది. చికెన్ మీల్ అని ఉంటే మొఖం తిప్పుకోకు, అది నీళ్లు కొవ్వు తీసి ఎండబెట్టిన పొడి, ప్రొటీన్ చిక్కగ ఉంటది, ఏ జంతువుదో పేరు పెట్టి రాసిన్రా లేదా అన్నదే చూడాలె. ఉత్త "మీట్ మీల్" అని రాసిన దానికంటె "చికెన్ మీల్" అని రాసింది నాకు నమ్మకం. ఇంకోటి, మక్కలను మూడు ముక్కలు చేసి రాస్తరు: మక్క పిండి ఒక కాడ, మక్క గ్లూటెన్ ఒక కాడ, మక్కలు ఒక కాడ. మూడూ కలిపితే చికెన్ కంటె ముందట ఉండాల్సినయ్, విడగొడితే కిందికి దిగినయ్. ఎర్ర ఆకుపచ్చ గింజలు కలిపిన ఫుడ్ గూడ చూస్తవ్, కుక్క కంటికి ఎరుపు ఆకుపచ్చ తేడా సరిగ్గ తెల్వనే తెల్వదు, ఆ రంగు కొనేటోళ్ల కోసం.

గ్రెయిన్ ఫ్రీ సంగతి. షాపాయన తోడేలు బియ్యం తింటదా అని అడిగిండన్నవ్. తోడేలు తినదు, కని కుక్క తోడేలు కాదు. 2013ల స్వీడన్ వాళ్లు జన్యువులు పోల్చి చూస్తే పిండి పదార్థం అరిగించే అమైలేజ్ జన్యువు తోడేలుకు రెండే కాపీలుంటే కుక్కలకు చానా కాపీలున్నయ్. మనిషితోని కలిసి బతికి బతికి వచ్చిన మార్పది. అన్నం, మక్కలు, జొన్నలు ఉడికినయ్ అయితే కుక్కకు మంచిగనే అరుగుతయ్. ఇంకో దిక్కు 2018 జూలైల అమెరికా తిండి, మందుల మీద నిఘా పెట్టే సర్కారు సంస్థ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది, బఠానీ, పప్పులు, ఆలుగడ్డ ఎక్కువేసి చేసిన గ్రెయిన్ ఫ్రీ ఫుడ్ తిన్న కుక్కలల్ల గుండె కండరం సాగిపోయే జబ్బు కనబడుతున్నదని. అది ఆ ఫుడ్ వల్లనే అని గట్టిగ తేలలేదు, నిజమే. కని నీ పిల్లకు గింజలు పడవని ఎవరూ చెప్పనప్పుడు రెండింతల పైసలు పెట్టి ఆ అనుమానం ఎందుకు కొనుక్కోవాలె? ఫుడ్ అలర్జీ ఉన్న కుక్కలను చూస్తే ఎక్కువగ బీఫ్, పాల పదార్థాలు, చికెన్, గోధుమకు పడనియి ఉంటయ్, బియ్యానికి పడనియి తక్కువ.

ఇప్పుడు పైసల లెక్క, ఎందుకంటే నువ్వు ఉన్నది ఉన్నట్టు 3000 అని చెప్పినవ్, నాకు అది నచ్చింది. కిలో రేటు చూసి కొనకు, కిలోల ఎన్ని క్యాలరీలున్నయో చూసి కొను. ఇప్పుడు నీ పిల్ల 5 కిలోలుంటదనుకుందాం. కుక్క ఉత్తగ పడుకుంటే ఎంత శక్తి కావాల్నో దానికి ఒక సూత్రమున్నది, బరువును 0.75 ఘాతం చేసి 70తోని గుణించాలె, 5 కిలోలకు 234 క్యాలరీలు వస్తది. నాలుగు నెలల లోపు పిల్లకు దానికి మూడింతలు, అంటే రోజుకు 700. ఒక ఫుడ్‌ల కిలోకు 3300 క్యాలరీలున్నయ్, రేటు 400 అనుకో, 212 గ్రాములు పెట్టాలె, 85 రూపాయలు. ఇంకో దాంట్ల 4000 ఉన్నయ్, రేటు 500 అనుకో, 175 గ్రాములు చాలు, 87 రూపాయల చిల్లర. కిలోకు వంద తేడా ఉన్నది రోజుకు వచ్చేసరికి రెండున్నర రూపాయలైంది. ఇప్పటికైతే నీ 3000ల అయిపోతది.

కని పిల్ల ఆగదు కదా. ఐదో నెలల 16 కిలోలకు వస్తే, ఇప్పటి మూడింతలకు బదులు రెండింతలు, రోజుకు 1120 క్యాలరీలు కావాలె. కిలో 500 దైతే 280 గ్రాములు, 140 రూపాయలు, నెలకు 4200. అప్పుడు అందరు చేసే పని ఏందంటే, మంచి ఫుడ్ సగం పెట్టి మిగిలిన సగం అన్నంతోని నింపుడు. అట్ల చేస్తే మంచి ఫుడ్‌ల ఉన్న బ్యాలెన్స్ సగమైపోతది, పిల్లకు సగం కాల్షియం, సగం జింక్, సగం ప్రొటీనే దొరుకుతది. దానికంటె కిలో 250ల దొరికే ఫుడ్, గ్రోత్‌కు కంప్లీట్ అని రాసింది, కాల్షియం సరిగ్గ ఉన్నది ఎతికి కడుపు నిండ అదే పెట్టు. కిలోకు 3300 క్యాలరీలున్నా 340 గ్రాములు, 85 రూపాయలు, నెలకు 2550. నన్ను ఎవరడిగినా ఇదే చెప్త: పెరిగే పిల్లకు తక్కువ రేటు పూర్తి ఫుడ్, ఎక్కువ రేటు సగం ఫుడ్ కంటె మంచిది. పేరు చూసి చిన్నతనం పడకు. మన సిద్దిపేట జిల్లాల మార్స్ వాళ్ల పెడిగ్రీ ఫ్యాక్టరీ ఉన్నది, పక్కన ఛత్తీస్‌గఢ్‌ల రాజ్‌నంద్‌గావ్ నుంచి డ్రూల్స్ వస్తది, మీద రేట్లల్ల రాయల్ కానిన్, ఫార్మినా అసొంటియి ఉన్నయ్. ఏదైనా సరే ఆ ఎనక వాక్యం, ఆ కాల్షియం గీత చూసి తీసుకో. ఒకే కంపెనీల ఒక సంచి నీకు పనికొస్తది ఇంకో సంచి పనికిరాదు.

మీ బాపుకు ఏం చెప్పాల్నంటే, పెద్దాయన మాట పూర్తిగ తప్పు కాదు. మా ఊర్ల తాతల కాడ కుక్కలు గట్క, పెరుగు బువ్వ తిని బతికినయ్, నేను గూడ చూసిన. కని అవి ఉత్త బువ్వతోని బతకలే, చెల్కలల్ల ఎలుకను పట్టేటియి, కోడి కోసిన కాడ పేగులు తినేటియి, ఒక ఈతల ఆరు పుడితే రెండు మిగిలేటియి. అవి 15, 18 కిలోల కుక్కలు, నీది అంతకు రెండింతలు పెరిగే జాతి. కుక్క పెరుగుడు అయిపోయినాక, లాబ్రడార్‌కు ఏడాది దాటి 15 నెలలు అనుకో, అప్పుడు డాక్టర్ను అడిగి ఇంటి తిండి ఎట్ల కలపాల్నో రాయించుకుందువు, మామునూరుల వెటర్నరీ కాలేజీ మనకు దగ్గరనే ఉన్నది. అప్పటిదాక బాపు చేతితోని రెండు చెంచాల పెరుగు, ఒక ముక్క ఉడికిన గుడ్డు పెట్టమను, రోజు మొత్తం క్యాలరీలల్ల పదో వంతు దాటకుంటే ఏం గాదు. ఉల్లిగడ్డ, ఎల్లిపాయ ఉన్న కూర మాత్రం వద్దని గట్టిగ చెప్పు, అవి కుక్క రక్తంల ఎర్ర కణాలను పగలగొడ్తయ్. ద్రాక్ష, కిస్మిస్ కిడ్నీలకు విషం. చాక్లెట్ వద్దు. ఉడికిన కోడి బొక్కలు సూదుల్లెక్క పగులుతయ్.

ఇగ ఎంత పెట్టాలె అన్నది, నాకు ఫుడ్ పేరు కంటె ఇదే ముఖ్యం. లాబ్రడార్ ఆకలికి ఆగదు. 2016ల కేంబ్రిడ్జ్ వాళ్లు కనిపెట్టిన్రు, లాబ్రడార్లల్ల దాదాపు నాలుగింటిల ఒకదానికి పీఓఎంసీ అనే జన్యువుల చిన్న ముక్క లేదు, కడుపు నిండిందని మెదడుకు చెప్పే దారి అక్కడ తెగింది. అది గిన్నె నాకుకుంట నీ మొఖం చూస్తది, నీకు పాపం అనిపిస్తది, నాకూ అనిపిస్తది. కని 2002ల వచ్చిన ఒక స్టడీ ఉన్నది, పురినా కంపెనీ వాళ్లు 48 లాబ్రడార్లను ఒక్కో ఈతల నుంచి జతలు జతలుగ తీసి, జతల ఒకదానికి రెండో దాని కంటె నూటికి 25 తక్కువ పెట్టిన్రు, ఎనిమిది వారాల వయసు నుంచి జీవితాంతం. అదే ఫుడ్, ఉత్త కొలతే తేడా. తక్కువ తిన్నయ్ మధ్యస్థంగ 13 ఏండ్లు బతికినయ్, ఎక్కువ తిన్నయ్ 11.2 ఏండ్లు. కీళ్ల నొప్పులు గూడ తక్కువ తిన్న వాటికి చానా ఆలస్యంగ వచ్చినయ్. నీ పిల్ల ఇప్పుడు సరిగ్గ ఆ వయసులనే ఉన్నది. గుండ్రంగ బొద్దుగ ఉంటే వచ్చినోళ్లందరు ముద్దు చేస్తరు, అబ్బ ఎంత మంచిగ పెంచిన్రు అంటరు, ఆ బరువంతా లేత కీళ్ల మీద పడ్తది. మెల్లగ పెరిగినా ఆఖరికి అదే ఎత్తుకు వస్తది, ఎత్తు తండ్రి తల్లి నుంచి వచ్చేది.

సంచి మీద గ్రాముల పట్టిక మొదటి రోజుకు పనికొస్తది, తర్వాత నీ చెయ్యే కొలత. అరచేయి పక్కల మీద పెట్టి తడుము. నీ పిడికిలి మూసి మీద గుత్తులను తడిమితే ఎట్ల ఉంటదో అట్ల పక్కటెముకలు బయటికి పొడుచుకొస్తే బక్కగున్నట్టు, అరచేతి మెత్తటి కాడ తడిమితే ఉన్నట్టు ఎముకే తగలకపోతే లావైనట్టు, చేయి చాపి వేళ్ల ఎనక తడిమితే ఎట్ల ఉంటదో అట్ల ఉండాలె. మీదికెళ్లి చూస్తే నడుము సన్నగ కనబడాలె. వారానికి ఒకసారి చూడు, పిల్లను ఎత్తుకొని మిషన్ మీద నిలబడి నీ బరువు తీసేసి రాసి పెట్టుకో. గిన్నెతోని కొలవకు, కిచెన్ తూకం 300, 400కు దొరుకుతది, గ్రాములల్ల తూచు. మూడు నెలలదాక నాలుగు పూటలు, ఆరు నెలలదాక మూడు, తర్వాత రెండు.

సంచి ఎంతది కొనాలె అంటే ఇప్పటికి 3 కిలోలది. 10 కిలోలది అగ్గువ పడ్తది గని నీ పిల్ల ఇప్పుడు తినే కొలతకు దాదాపు యాభై రోజులు వస్తది, తెరిచిన సంచి నెల, మహా అయితే నెలన్నర లోపు అయిపోవాలె. మన కాడ మే నెలల 44 డిగ్రీల ఎండకు దాంట్ల కొవ్వు మక్కిపోయి పాత నూనె వాసనొస్తది, వానాకాలం తేమకు బూజు పడ్తది. బియ్యం డబ్బాల పెట్టుకుంటే ఒలకబొయ్యకు, సంచితోనే పెట్టు, ఎక్స్‌పైరీ, బ్యాచ్ నంబర్ దాని మీదనే ఉంటయ్ కదా. లూజ్‌ల కిలో లెక్క అమ్మేది ఎప్పుడూ తేకు. మక్కలు పండించేటోళ్లకు, కోళ్ల ఫారాలోళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు, బూజు పట్టిన మక్కల అఫ్లటాక్సిన్ అనే విషం పుడ్తది, కోళ్లు సస్తయ్. కుక్క కాలేయం గూడ దానికే పోతది, మళ్ల ఆ విషం కంటికి కనబడదు, వేడి చేసినా పోదు. ఒక వానాకాలం నా కాడ ఉన్న కుక్కకు వాళ్ల ఇంటోళ్లు లూజ్ ఫుడ్ ఇచ్చిపోయిన్రు, నేను కవర్ ఇప్పంగనే తడి గోనె వాసనొచ్చింది, పెట్టలే.

మార్చుడు మెల్లగ చెయ్. ఇప్పుడు తింటున్నదాంట్ల నాలుగో వంతు కొత్తది రెండు మూడు రోజులు, తర్వాత సగం, తర్వాత ముప్పావు, పది రోజులల్ల పూర్తి. పిల్ల పండ్లు చిన్నయ్ కాబట్టి గోరువెచ్చని నీళ్లల్ల ఒక పది నిమిషాలు నానబెట్టు, పాలు వద్దు, మిగిలింది అరగంటకు తీసెయ్. దొడ్డికి చూసుకో, చేతితోని ఎత్తితే నేల మీద మరక పెద్దగ పడకుండ ముద్దగ రావాలె. కొంచెం మెత్తగైతే కొత్తది తగ్గించు. కని నీళ్ల విరేచనాలు, వాంతులు, రక్తం, ఆడుకునుడు బంద్ చేసి మూలకు పడుకునుడు ఉంటే అది ఫుడ్ మారినందుకు అనుకోకు, పార్వో అనే వైరస్ జబ్బు కావచ్చు, ఆ వయసు పిల్లను రెండు మూడు రోజులల్లనే తీసుకపోతది, అప్పటికప్పుడు డాక్టర్ కాడికి ఎత్తుకపో. మొదటి టీకా పడ్డదో లేదో నువ్వు రాయలే, అమ్మినాయన మాట కాదు, కార్డు చూడు.

రేపు షాపుకు పోయినప్పుడు నీకు నచ్చిన రెండు మూడు సంచుల ఎనక వైపు ఫోటోలు తీసి పెట్టు తమ్మీ, ఆ కంప్లీట్ వాక్యం, కాల్షియం శాతం, కిలోకు క్యాలరీలు మూడూ కనబడాలె. చూసి ఏది తీసుకోవాల్నో చెప్త.